థియరీ ఒక దారి, ల్యాబ్ ఒక దారి: మైక్రోబయాలజీ ఎలా చదవాలి?

తొలి_సెమిస్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాలేజీలో మైక్రోబయాలజీ మొదటి కోర్సు చదువుతున్నాను, ఆరు వారాలు అయింది. వారానికి మూడు క్లాసులు, ఒక రోజు ల్యాబ్. నా ఇబ్బంది ఏంటంటే ఈ రెండూ ఒకే సబ్జెక్టు అని నాకు అనిపించడం లేదు. క్లాసులో కణకవచం, రైబోజోములు, గ్లైకాలిసిస్, బ్యాక్టీరియా పెరిగే దశలు అంటూ స్లైడ్ తర్వాత స్లైడ్ పోతూనే ఉంటుంది, రాసుకోవడానికే టైమ్ సరిపోతుంది, వినడం కుదరదు. ల్యాబ్‌కి వెళ్తే చేతిలో లూప్ (చివర చిన్న ఉంగరం ఉన్న తీగ), పక్కన బర్నర్, ఎదురుగా గడియారం, ఏది ఎందుకు చేస్తున్నామో ఆలోచించే తీరిక లేక షీట్‌లో ఏం రాసుంటే అది చేసేసి బయటికి వస్తున్నాను.

పోయిన వారం గ్రామ్ స్టెయిన్ (రంగులు వేసి బ్యాక్టీరియాని రెండు రకాలుగా విడదీసే పద్ధతి) చేశాం. ఒకే స్లైడ్ మీద స్టాఫైలోకాకస్, ఈ.కొలై పక్కపక్కన పెట్టాలి. స్టాఫ్ ఊదా రంగులో, ఈ.కొలై గులాబీ రంగులో రావాలి కదా, నాకు రెండూ గులాబీగానే వచ్చాయి. మళ్లీ చేస్తే రెండూ ఊదాగా వచ్చాయి. అంతకు ముందు వారం స్ట్రీక్ ప్లేటు (లూప్‌తో గీతలు గీస్తూ బ్యాక్టీరియాని పరిచే ప్లేటు) వేస్తే నాలుగు భాగాల్లోనూ ఒకటే మందపాటి పూత, విడిగా ఉన్న కాలనీ (బ్యాక్టీరియా పెరిగి కనిపించే చుక్క) ఒక్కటి కూడా లేదు. పక్కవాళ్ల ప్లేట్లు చూస్తే చుక్కలు చుక్కలుగా ఎంత బాగున్నాయో.

ఇంకో నాలుగు వారాల్లో పేరు చెప్పకుండా ఒక ట్యూబు ఇస్తారట, అందులో ఉన్న బ్యాక్టీరియా ఏదో మేమే కనిపెట్టాలి. దానికి మార్కులు చాలా ఎక్కువ. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఈ కోర్సు దాటినవాళ్లు మీరు ఎలా చదివారో, నా చేతిలో తప్పు ఎక్కడుందో చెప్పండి ప్లీజ్.

లూప్_మంట

ఆ రెండు స్లైడ్లూ ఉన్నాయా, పారేశారా? ఉంటే దాచుకోండి, మీ సమాధానం వాటిలోనే ఉంది. మొదటిసారి ఆల్కహాల్ ఎక్కువసేపు పోశారు, అది చూసి భయపడి రెండోసారి తొందరగా ఆపేశారు. నేను చాలా ఏళ్లుగా మొదటి ఏడాది వాళ్లకి ల్యాబ్‌లో సాయం చేస్తున్నాను, గ్రామ్ స్టెయిన్ తేడా కొట్టిందంటే నేను మొట్టమొదట అడిగేది ఆ ఆల్కహాల్ గురించే.

ఒక్కో అడుగులో లోపల ఏం జరుగుతోందో చెప్తాను, ఇది మీకు క్లాసులో చెప్పిన కణకవచం పాఠమే. క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు రెండు రకాల కణాల్లోకీ వెళ్తుంది. అయోడిన్ వెళ్లి ఆ రంగుతో కలిసి పెద్ద ముద్దలా తయారవుతుంది. ఇక్కడిదాకా రెండూ ఊదానే. ఇప్పుడు ఆల్కహాల్ పోస్తాం. గ్రామ్ పాజిటివ్ (స్టాఫ్ లాంటి, ఊదాగా మిగిలే) కణానికి పెప్టిడోగ్లైకాన్ అనే గోడ పదార్థం మందంగా పొరలు పొరలుగా ఉంటుంది, ఆల్కహాల్ తగిలేసరికి అందులో నీరు పోయి బిగుసుకుంటుంది, లోపలి ముద్ద బయటికి రాలేదు. గ్రామ్ నెగటివ్‌కి (ఈ.కొలై లాంటిదానికి) ఆ పొర చాలా పలచన, దాని పైన కొవ్వు పదార్థాలతో చేసిన బయటి పొర ఒకటి ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగించేస్తుంది, రంగు కారిపోతుంది. చివర్లో సాఫ్రనిన్ రెండింటికీ అంటుతుంది, కానీ అప్పటికే ఊదాగా ఉన్నదాని మీద ఆ గులాబీ కనిపించదు. ఆల్కహాల్ అక్కడ ఎక్కువసేపు ఉంటే మందపాటి పొర కూడా చివరికి రంగు వదిలేస్తుంది, మీ మొదటి స్లైడ్ అదే. స్లైడ్‌ని ఏటవాలుగా పట్టుకుని పైనుంచి చుక్క చుక్కగా పోస్తూ కిందికి కారేది చూడండి, అందులో ఊదా రంగు ఆగిపోయిన క్షణంలో నీళ్లు పోసెయ్యాలి. గడియారం చూడకండి, కారే చుక్కను చూడండి. మిగతా రంగులు 10 సెకన్లు అటూ ఇటూ అయినా ఏమీ కాదు.

ఇంకో రెండు కారణాలు ఉండొచ్చు. స్మియర్, అంటే స్లైడ్ మీద పరిచిన పూత, మందంగా ఉంటే అడుగున ఉన్న కణాలకి ఆల్కహాల్ సరిగా తగలదు, మీ రెండో స్లైడ్‌లో ఇది కూడా అయ్యుండొచ్చు. ఆరిన స్లైడ్‌ని పుస్తకం మీద పెడితే కింద అక్షరాలు సుళువుగా చదవగలగాలి, అంత పలచగా ఉండాలి. రెండోది, కల్చర్ (పెంచిన బ్యాక్టీరియా) వయసు. 18 నుంచి 24 గంటల లోపుదే వాడండి. పాతబడిన గ్రామ్ పాజిటివ్ కణాల గోడ దెబ్బతిని రంగు నిలుపుకోలేవు, మీరు అన్నీ సరిగా చేసినా గులాబీగా వస్తాయి. మీరు వాడిన ట్యూబు ఎప్పటిదో ల్యాబ్‌లో అడిగారా?

స్ట్రీక్ ప్లేటు సంగతి. అది బొమ్మ గీయడం కాదు, పలచన చేయడం. బాగా పెరిగిన ద్రవంలో ఒక మిల్లీలీటరుకి పది కోట్ల కణాలు సులువుగా ఉంటాయి, చిన్న లూపుతో అందులో వందో వంతు తీసినా పది లక్షల కణాలు ప్లేటు మీదికి తెచ్చినట్టే. ఆ పది లక్షలని ఒక్కొక్కటిగా విడగొట్టాలంటే ప్రతి భాగానికీ మధ్యలో లూప్‌ని ఎర్రగా కాల్చి, చల్లార్చి, ముందు భాగం అంచుని ఒకటి రెండుసార్లు మాత్రమే తాకి కొత్త చోటికి లాగాలి. మీరు బహుశా కాల్చకుండా గీశారు, లేదా ప్రతిసారీ మొదటి భాగంలోకే వెళ్లి తెచ్చారు. అగర్‌ని (ప్లేటులో బ్యాక్టీరియా పెరిగే జెల్లీని) గుచ్చకూడదు, పెన్సిల్ పట్టుకున్నట్టు తేలిగ్గా పట్టుకోండి. కాల్చిన లూప్‌ని వెంటనే కల్చర్‌లో పెట్టకండి, చుయ్ మని చప్పుడు వచ్చిందంటే కణాలు చచ్చినట్టే, పైగా ఆ తుంపర గాల్లోకి లేస్తుంది, అది మీకూ మంచిది కాదు. ఇంక్యుబేటర్‌లో ప్లేటుని తలకిందులుగా పెట్టండి, లేకపోతే మూతకి పట్టిన నీటి చుక్క కాలనీల మీద పడి అన్నిటినీ కలిపేస్తుంది.

సీనియర్_బయో

పైన చెప్పింది చూశాక మీకో విషయం తెలిసే ఉంటుంది, ల్యాబ్‌లో చేసిన ఒక్క ఆల్కహాల్ అడుగులోనే క్లాసులో చెప్పిన ఒక పాఠం మొత్తం ఉంది. నాకు ఈ కోర్సు రెండు నెలలదాకా మీలాగే రెండు ముక్కలుగా ఉండేది. తర్వాత నేను మార్చుకున్నది ఒకటే. ల్యాబ్‌కి వెళ్లే ముందు రోజు షీట్‌లో ఉన్న ప్రతి అడుగు పక్కనా "ఇది వదిలేస్తే ఏమవుతుంది?" అని రాసి దానికి జవాబు క్లాసు నోట్సులో వెతికేదాన్ని. అయోడిన్ వదిలేస్తే? లూప్ చల్లార్చకపోతే? దొరకని ప్రశ్నలు చీటీ మీద రాసుకుని ల్యాబ్‌లో అడిగేదాన్ని. మొదట్లో గంట పట్టేది, తర్వాత ఇరవై నిమిషాలు.

స్లైడ్ల మీద ఉన్నది కాపీ చేయడం మానెయ్యండి, అవి ఎలాగూ తర్వాత దొరుకుతాయి. మాట్లాడేవాళ్లు "ఎందుకంటే" అన్నప్పుడు మాత్రం రాయండి. అదే రోజు సాయంత్రం తెల్ల కాగితం తీసుకుని, ఏమీ చూడకుండా ఒక బ్యాక్టీరియా కణం గీసి పేర్లు పెట్టండి. గీశాక ప్రతి భాగం నుంచి ఒక బాణం గీసి, దాన్ని దెబ్బతీసే మందు ఏదో రాయండి. గోడ దగ్గర పెనిసిలిన్. మన కణాలకి ఆ పెప్టిడోగ్లైకాన్ గోడే లేదు, అందుకే పెనిసిలిన్ బ్యాక్టీరియాని పట్టుకుంటుంది, మనల్ని వదిలేస్తుంది. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకి అసలు గోడ లేదు కాబట్టి దాని మీద పెనిసిలిన్ పనిచేయదు, అది గ్రామ్ స్టెయిన్‌లో పాజిటివ్‌గా ఎందుకు రాదో కూడా ఇక్కడే తేలిపోతుంది. రైబోజోముల దగ్గర టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్. బ్యాక్టీరియావి 70ఎస్ (ఎస్ అంటే అవి ద్రవంలో కిందికి దిగే వేగం కొలత), మన సైటోప్లాజంలోవి 80ఎస్, ఆ తేడా మీదే ఈ మందులు బతుకుతున్నాయి. ఇలా ఒక బొమ్మలోకి నాలుగు పాఠాలు వచ్చి కూర్చుంటాయి. నేనైతే కార్డుల మీద పేర్లు రాసి బట్టీ పట్టడం పూర్తిగా మానేశాను, అది వట్టి దండగ.

మొదటిబెంచి

సీనియర్ గారి బొమ్మ పద్ధతి చాలా మంచిది, కానీ బట్టీ దండగ అన్న మాట ఒప్పుకోను. పరీక్షలో కూర్చున్నప్పుడు క్యాటలేజ్ టెస్టు (హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే బుడగలు వస్తాయా అని చూసేది) ఎవరికి పాజిటివో తెలియకపోతే ఎంత అర్థమైనా రాయలేం. కొన్ని గుర్తుండి తీరాలి, బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి వాడే ఇండోల్, మిథైల్ రెడ్, వోగెస్ ప్రోస్కవర్, సిట్రేట్ ఈ నాలుగు టెస్టుల వరస ఈ.కొలైకి పాజిటివ్, పాజిటివ్, నెగటివ్, నెగటివ్, ఎంటెరోబ్యాక్టర్‌కి సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. ఇలాంటివి రోజూ పది నిమిషాలు కార్డులతో చూసుకోవడమే.

పేర్లు భయపెడుతుంటే వాటి అర్థం పట్టుకోండి. గ్రీకులో స్టాఫైలే అంటే ద్రాక్ష గుత్తి, కాకస్ అంటే గింజ, మైక్రోస్కోప్‌లో స్టాఫైలోకాకస్ కనిపించేది గుత్తిలాగే. స్ట్రెప్టో అంటే మెలితిరిగిన గొలుసు, అది గొలుసుగానే ఉంటుంది. బాసిల్లస్ అంటే చిన్న కర్ర. ఎషరీషియా అన్నది 1885లో దాన్ని వర్ణించిన థియోడార్ ఎషరిక్ పేరు. ఇది తెలిశాక నాకు పేరు చదవగానే బొమ్మ కళ్ల ముందుకి వచ్చేది.

చరిత్ర స్లైడ్లు కూడా దాటేయకండి. ల్యాబ్‌లో మీరు పట్టుకునే ప్రతి వస్తువూ ఎవరికో ఎదురైన ఇబ్బంది నుంచి వచ్చిందే. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచడానికి మొదట జెలటిన్ వాడేవాళ్లు, 37 డిగ్రీల దగ్గర పెడితే అది కరిగి నీళ్లయిపోయేది, కొన్ని బ్యాక్టీరియా దాన్ని తినేసేవి కూడా. అగర్ వాడదామని చెప్పింది ఫానీ హెస్సె, అక్కడ పనిచేస్తున్న వాల్టర్ హెస్సె భార్య, వంటలో ఆమెకి అగర్ అలవాటు. అది ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగడానికి 85 డిగ్రీలు దాటాలి. మూత ఉన్న ఆ పల్చటి గాజు గిన్నె 1887లో పెట్రి వర్ణించినది. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో గ్రామ్ స్టెయిన్ పద్ధతి కనిపెట్టింది కూడా ఊపిరితిత్తుల కణజాలంలో బ్యాక్టీరియాని విడిగా చూడటానికే, ఏ గోడ మందమో తేల్చడానికి కాదు, గోడల సంగతి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇది చదివినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది, కారణం పూర్తిగా తెలియకుండానే వాళ్లూ జాగ్రత్తగా చూసి, చూసింది రాసిపెట్టారు.

తొలి_సెమిస్టర్

అందరికీ చాలా థాంక్స్ అండీ. ల్యాబ్‌లో అడిగాను, మేం వాడిన స్టాఫ్ కల్చర్ నాలుగు రోజులదట! ఈ వారం తాజా కల్చర్‌తో చేశాను, కారే చుక్కని చూస్తూ ఆపాను, ఒక వైపు ఊదా గుత్తులు, ఒక వైపు గులాబీ కర్రలు, ఎంత స్పష్టంగా ఉన్నాయో చెప్పలేను. చాలాసేపు మైక్రోస్కోప్ వదల్లేదు. స్ట్రీక్ కూడా మూడో భాగం నుంచి చుక్కలు విడిపోయాయి.

ఇప్పుడు రెండు సందేహాలు. వరసగా పలచన చేసి కాలనీలు లెక్కపెట్టే ల్యాబ్‌లో లెక్క ఎక్కడో తప్పుతోంది. నా జవాబు మా అందరి జవాబుల కన్నా పది రెట్లు తక్కువ వస్తోంది. ఇంకోటి, ఆయిల్ లెన్స్ పెట్టగానే ఫోకస్ పోతోంది, మొత్తం మసక.

లూప్_మంట

నాలుగు రోజులా! మీ చెయ్యి బానే ఉంది, చూశారా. అడిగి మంచి పని చేశారు.

పది రెట్లు తక్కువ అంటే ప్లేటు మీద 0.1 మిల్లీలీటరు పోసిన సంగతి లెక్కలో మర్చిపోతున్నారు, దాదాపు ఖాయంగా చెప్పగలను. సూత్రం పక్కన పెట్టి మామూలు మాటల్లో చేయండి. 1 మిల్లీలీటరు తీసి 9 మిల్లీలీటర్లలో కలిపితే పది రెట్లు పలచన, అలా ఐదు ట్యూబులు దాటితే లక్ష రెట్లు. ఐదో ట్యూబు నుంచి 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద పరిచారు, 150 కాలనీలు వచ్చాయి. అంటే ఆ ట్యూబులో 1 మిల్లీలీటరుకి 1500. దాన్ని లక్షతో గుణిస్తే అసలు కల్చర్‌లో మిల్లీలీటరుకి 15 కోట్లు. మీరు 150ని నేరుగా లక్షతో గుణిస్తున్నారు, కోటిన్నర వస్తోంది. 30 నుంచి 300 లోపు కాలనీలు ఉన్న ప్లేటునే లెక్కకి తీసుకోండి, తక్కువుంటే ఒకటి అటూ ఇటూ అయినా జవాబు చాలా మారిపోతుంది, ఎక్కువైతే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ప్రతి ట్యూబుకీ కొత్త పిపెట్, కలిపేది బాగా కలపండి. ఇంకా, అక్కడ లెక్కపెట్టేది కాలనీగా ఎదగగలిగిన వాటిని మాత్రమే, చచ్చిన కణాలు ఇందులోకి రావు, రెండు కణాలు అతుక్కుని ఉంటే ఒక్క కాలనీయే అవుతుంది. అందుకే "కణాలు" అని కాకుండా "కాలనీ ఏర్పరిచే యూనిట్లు" అని రాయమంటారు.

ఆయిల్ లెన్స్‌కి నేరుగా వెళ్లకండి. 10 రెట్ల లెన్స్‌తో రంగు ఉన్న చోటు దొరకబుచ్చుకుని ఫోకస్ చేసి, 40 దాటి, అప్పుడు చుక్క ఆయిల్ వేసి 100 తిప్పండి, ఇక సన్న మర తప్ప పెద్ద మర ముట్టుకోవద్దు. ఆయిల్ వేశాక మళ్లీ 40 వైపు తిప్పితే ఆ లెన్స్‌కి ఆయిల్ అంటి పాడవుతుంది. వెలుతురు కూడా పెంచాలి. ఆయిల్ ఎందుకంటే గాజు నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు వంగి పక్కకి పోతుంది, ఆయిల్ వెలుతురుని వంచే తీరు గాజుతో దాదాపు సమానం, దాంతో అది నేరుగా లెన్స్‌లోకి వస్తుంది. అయినా మసకగా ఉంటే స్లైడ్ తలకిందులుగా పెట్టారేమో చూడండి, ఇది అందరికీ జరుగుతుంది.

సీనియర్_బయో

ఆ ట్యూబు గురించి కూడా ఇప్పుడే చెప్తాను. ఇచ్చిన రోజే స్ట్రీక్ చేసి కాలనీలన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి, ఒక తాజా కల్చర్ విడిగా దాచుకోండి. నేను దాచుకోలేదు, మూడో రోజు ఉన్నదాంట్లో ఇంకేదో చేరిపోయింది, వారం మొత్తం పోయింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత గ్రామ్ స్టెయిన్. తెలిసిన పాజిటివ్, తెలిసిన నెగటివ్ రెండూ అదే స్లైడ్ మీద అటూ ఇటూ పెట్టి మీది మధ్యలో పెట్టండి, అవి సరిగా వస్తేనే మధ్యదాన్ని నమ్మండి. ఆ ఒక్క జవాబు మీదే మిగతా దారి మొత్తం ఆధారపడుతుంది. ఊదా గుండ్రాలు అయితే క్యాటలేజ్, బుడగలు వస్తే స్టాఫ్ వైపు, రాకపోతే స్ట్రెప్ వైపు. కానీ బ్లడ్ అగర్ మీది కాలనీ తీస్తే రక్తకణాల్లోనే ఆ ఎంజైమ్ ఉంటుంది, ఉత్త బుడగలు వచ్చి మోసపోతారు. గులాబీ కర్రలు అయితే మాకాంకీ ప్లేటు, అందులో బైల్ లవణాలు, క్రిస్టల్ వయొలెట్ గ్రామ్ పాజిటివ్‌లని ఆపుతాయి, పెరిగినవాటిలో లాక్టోజ్‌ని వాడుకునేవి గులాబీ కాలనీలు ఇస్తాయి. ప్రతి టెస్టు చేసే ముందే "పాజిటివ్ అయితే ఏవి మిగులుతాయి, నెగటివ్ అయితే ఏవి" అని రాసుకోండి. ఫలితం చూశాక రాస్తే మనసు కావాల్సిన జవాబు వైపు లాగుతుంది.

మొదటిబెంచి గారూ, కార్డుల విషయంలో మీ మాటే ఒప్పుకుంటున్నాను, ఆ నాలుగు టెస్టుల వరస నేనూ చివరికి బట్టీయే పట్టాను.

తొలి_సెమిస్టర్

ట్యూబు వచ్చింది, నాలుగు రోజులైంది. లెక్క మీరు చెప్పిన తప్పే అండీ, 0.1 వదిలేశాను. ఇప్పుడు ఒక చోట ఆగాను. స్ట్రీక్ చేస్తే అన్నీ ఒకే రకం కాలనీలు, అంచులు ఎగుడుదిగుడుగా, పొడి పొడిగా ఉన్నాయి. గ్రామ్ స్టెయిన్‌లో మొదటి రోజు అన్నీ ఊదా కర్రలు. అదే ప్లేటు నుంచి ఇవాళ మళ్లీ చేస్తే సగం ఊదా, సగం గులాబీ. పక్కన పెట్టిన రెండు తెలిసినవీ సరిగానే వచ్చాయి, కాబట్టి నా ఆల్కహాల్ తప్పు కాదు. కొన్ని కర్రల మధ్యలో రంగు పట్టని కోడిగుడ్డు ఆకారపు ఖాళీలు కనిపిస్తున్నాయి. ఇంకేదైనా కలిసిపోయిందా?

లూప్_మంట

పక్కన తెలిసినవి పెట్టుకున్నారు కాబట్టే ఇంత ధైర్యంగా "నా తప్పు కాదు" అనగలిగారు, చాలా సంతోషంగా ఉంది. కలిసిపోయినట్టు లేదు, కాలనీలన్నీ ఒకేలా ఉన్నాయంటున్నారు, ఆకారమూ ఒకటే. మొదటి రోజు ఫలితాన్నే నమ్మండి, ఇవాళ్టిది నాలుగు రోజుల కల్చర్. ఆ ఖాళీల గురించి ఆలోచించండి. రంగు లోపలికి పోనివ్వనంత గట్టి పొర ఉన్నది బ్యాక్టీరియా లోపల ఏముంటుంది, తిండి అయిపోయే దశలో అది ఎందుకు తయారవుతుంది? క్లాసులో చెప్పే ఉంటారు. మలకైట్ గ్రీన్ వేసి 5 నిమిషాలు ఆవిరి మీద పెట్టి, నీళ్లతో కడిగి, సాఫ్రనిన్ వేసి చూడండి. ఆవిరి పట్టేంతసేపూ రంగు ఎండిపోకుండా పైన పోస్తూ ఉండాలి.

తొలి_సెమిస్టర్

ఎండోస్పోర్లు (తిండి లేనప్పుడు బ్యాక్టీరియా లోపల తయారయ్యే గట్టి పొర ఉన్న రూపాలు)! ఇప్పుడే చూసి వచ్చాను, గులాబీ కర్రల లోపల పచ్చటి గుడ్లు, కొన్ని విడిగా బయట కూడా పడి ఉన్నాయి. క్యాటలేజ్ పాజిటివ్, గాలి తగిలే ప్లేటు మీద ఇంత బాగా పెరిగింది కాబట్టి క్లాస్ట్రిడియం పక్కకి పోయింది, బాసిల్లస్ అని రాసుకున్నాను. ఏ జాతో తేల్చడానికి స్టార్చ్ ప్లేటు, మానిటాల్ ట్యూబు వేసి ఇంక్యుబేటర్‌లో పెట్టాను, ఏది వస్తే ఏది మిగులుతుందో ముందే రాసిపెట్టాను. రేపు పొద్దున్నే వెళ్లి చూస్తాను.